సీట్లు నిండిపోయాయని చెప్పాం

పోస్టు కొంచెం పెద్దదైంది. తీరిక దొరికినప్పుడే చదవండి గానీ, చివరిదాకా చదవండి. మేము ఒప్పుకోవలసిన తప్పు ఒకటి ఇందులో ఉంది. దాన్ని దాచి చివర్లో పెట్టకుండా మొదట్లోనే చెప్పేస్తున్నాం.

మేము అంటే మన సంఘంలో వేసవి తెలుగు తరగతులు చూసుకునే ముగ్గురం. మన పిల్లలు మరాఠీ బడుల్లో, ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడం చదవడం రాదు. అందుకే ఏటా ఎండాకాలంలో ఆరు వారాలు అక్షరాలు నేర్పిస్తాం. ముప్పై మందికి మించి తీసుకోం. మన తూర్పు భాగంలో ఉన్నవాళ్లకు ఇదంతా తెలిసిందే.

పోయిన ఏప్రిల్‌లో ఫారాలు ఇస్తున్న రోజు ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, తలకు టోపీ. మొదట మరాఠీలో మాట్లాడి, మేము తెలుగులో బదులివ్వగానే తెలుగులోకి దిగాడు. "మా ఇంట్ల తెలుగే మాట్లాడ్తం సారు. వడార్లం. మనుమరాండ్లిద్దరున్నరు, రాసుడు రాదు. మీ క్లాసుల పెట్టుకుంటరా?" అన్నాడు. ఆయన తెలుగు మన తెలుగులా లేదు. కానీ ప్రతి మాటా అర్థమైంది. ఫారం ఇచ్చాం. బల్ల దగ్గరే కూర్చుని మరాఠీ అక్షరాల్లో నింపాడు. చిరునామా గడిలో 'సెటిల్‌మెంట్ ఫ్రీ కాలనీ' అని రాశాడు.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "సీట్లు నిండిపోయినయ్ కాకా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాం.

అప్పటికి వచ్చినవి పంతొమ్మిది ఫారాలే. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని "సరే సారు" అని వెళ్లిపోయాడు. ఆయన మెట్లు దిగిన గంటలోపు ఇంకో నాలుగు ఫారాలు తీసుకున్నాం.

సరిగ్గా ఆ వారమే మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికాలో జైళ్లను కంపెనీలు నడుపుతాయట. ఖైదీలకు వడ్రంగం, కుట్టుపని, కంప్యూటరు నేర్పి మంచి మనుషుల్ని చేసి బయటికి పంపుతాయట. మన దేశంలో కూడా జైళ్లు ప్రైవేటుకిస్తే బాగుపడతాయని కింద ఎవరో రాశారు. చాలామంది మెచ్చుకున్నారు. మేము ముగ్గురం కూడా బొటనవేలు పెట్టాం.

మాలో ఒకరి నాయన తొంభైకి దగ్గర పడ్డవాడు. కొడుకు ఫోన్లో ఆ వీడియో చూసి, "గిసొంటి జైలు మన ఊళ్లె ఎప్పుడో నడిచింది గదరా. మా నాయనకు మిల్లుకు సద్ది తీస్కపోయేటప్పుడు చూసిన. ముండ్ల తీగల కంచె ఉండేది. అండ్లకెల్లి ఆడోళ్లు మొగోళ్లు మిల్లుకొచ్చి, పనైనంక మళ్ల అండ్లకే పోయెటోళ్లు. సెటిల్‌మెంట్ అంటె ఏందనుకున్నవ్?" అన్నాడు.

నిజం చెప్పాలంటే మేము ఏమీ అనుకోలేదు. సోలాపూర్‌లో పుట్టి పెరిగిన మనకు సెటిల్‌మెంట్ అనేది ఒక బస్తీ పేరు, అంతే. చిన్నప్పుడు అల్లరి చేస్తే మన అవ్వలు "సెటిల్‌మెంటోళ్లకు ఇచ్చేస్త" అని బెదిరించేవాళ్లు. సైకిలు పోతే ముందు ఆ వైపే చూసేవాళ్లం. ఆ ఇంగ్లీషు మాట మన ఊరికి ఎందుకొచ్చిందో ఒక్కసారి కూడా అడగలేదు. పెద్దాయన మాట విన్నాక సిగ్గేసి, తెలిసినవాళ్లను అడిగాం, దొరికిన పుస్తకాలు చదివాం. తెలిసింది మీకూ చెప్తాం.

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం అని ఒకటి చేసింది. మొదట ఉత్తరాదిన అమలైంది, 1911లో దేశమంతటికీ వర్తించేలా మార్చారు, 1924లో మళ్లీ ఒకచోట కూర్చారు. ఫలానా కులం నేరస్థ తెగ అని గెజిట్లో ప్రకటిస్తే చాలు, ఆ కులంలో పుట్టిన ప్రతి బిడ్డా దొంగ కిందే లెక్క. ఆ ప్రకటన తప్పని కోర్టుకు పోయే దారి కూడా లేదు. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు చెప్పాలి, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. కుటుంబాలకు కుటుంబాలనే తీసుకొచ్చి ఒకచోట ఉంచే సెటిల్‌మెంట్లు దీని కిందే పుట్టాయి. ఆ కుటుంబాలను కోర్టు విచారించలేదు, ఫలానా నేరం చేశారని ఎవరూ రుజువు చెయ్యలేదు.

వీడియోకి దీనికి సంబంధం ఇక్కడే ఉంది. ఈ సెటిల్‌మెంట్లలో చాలావాటిని ప్రభుత్వం స్వయంగా నడపలేదు. బయటి సంస్థలకు అప్పగించింది. సాల్వేషన్ ఆర్మీ, అంటే తెలుగువాళ్లు రక్షణ సైన్యం అనే క్రైస్తవ సంస్థ, ఇందులో పెద్దది. దాన్ని 1882లో మన దేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ అంతకుముందు ఐసీఎస్ అధికారి. ఉద్యోగం వదిలేసి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, కాషాయం కట్టి తిరిగాడు. నేరం ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది అనేవాడు. ఆ వైద్యానికి 'క్రిమినోక్యూరాలజీ' అని తనే ఒక పేరు పెట్టాడు. గోరఖ్‌పూర్‌లో డోములతో 1908లో మొదలుపెట్టి చాలాచోట్ల సెటిల్‌మెంట్లు తెరిచారు. మగ్గం, పట్టుపురుగులు, సేద్యం, బడి, ప్రార్థన, అన్నీ ఉండేవి. మన నేతపని కూడా వాళ్ల వైద్యంలో ఒక మందన్నమాట. పద్మశాలి ఇళ్లలో పుట్టిన మాకు ఇది చదివినప్పుడు ఎలాగో అనిపించింది. మన తాతలకు అన్నం పెట్టిన మగ్గాన్నే అక్కడ శిక్షలో భాగంగా పెట్టారు.

ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు వినని తెలుగువాడుండడు. 1913 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వంలోని సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద ఆ ఊరు పుట్టింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలిలోనేమో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. స్టువర్టుపురం వాళ్లకిచ్చిన భూమి సరిగా పండేది కాదు, దాంతో చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయారు. కంపెనీకి పనివాళ్లు దొరికారు, సంస్థకు గ్రాంటు, పేరు దొరికాయి, ప్రభుత్వానికి పోలీసు ఖర్చు తగ్గింది.

అసలు ఎరుకలవాళ్లు దొంగలెందుకయ్యారు? ఈ విషయం మీద మీనా రాధాకృష్ణ గారు ఇంగ్లీషులో రాసిన పుస్తకం చదివాక మాకొక సంగతి తెలిసింది. వాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు తీసుకెళ్లి లోపలి ఊళ్లలో అమ్మి, ధాన్యం తెచ్చేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైలు వచ్చింది, వాళ్ల వ్యాపారం పోయింది. బతుకు కోసం తిరిగినవాళ్లు అనుమానితులయ్యారు. మన తాతలు కరువుకు తెలంగాణ వదిలి సోలాపూర్ వచ్చారు. వాళ్లకు మిల్లు దొరికింది, తర్వాత పవర్‌లూమ్ దొరికింది. తిరుగుబోతులని వాళ్ల పేరు ఎవరూ గెజిట్లో ఎక్కించలేదు. అంతకు మించిన తేడా మాకు కనపడలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. బొంబాయి ప్రెసిడెన్సీలో సెటిల్‌మెంట్ల పని చూసిన అధికారి స్టార్ట్ అనే ఐసీఎస్. బిజాపూర్‌తో మొదలుపెట్టాడు. ఆ ప్రెసిడెన్సీలో కొన్నింటిని అమెరికన్ మరాఠీ మిషన్ లాంటి సంస్థలు కొంతకాలం నడిపాయి. సోలాపూర్‌ను ఎందుకు ఎంచుకున్నారో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1877లో జూనీ మిల్లు వచ్చింది, దాని వెనకాల ఇంకొన్ని వచ్చాయి. మిల్లుకు రోజూ వేళకొచ్చే చేతులు కావాలి. కంచె లోపలున్నవాళ్లు తప్పకుండా వస్తారు, రాకపోతే అది కూడా నేరమే గనక. ఊళ్లో కూలివాడికి నచ్చకపోతే పని మానేసి ఇంకో మిల్లుకు పోవచ్చు, సమ్మె కట్టొచ్చు. వాళ్లకు ఆ వీలు లేదు.

అయితే మంచి ఏమీ జరగలేదని అనలేం. బడి పెట్టారు, వైద్యం చూశారు, పిల్లలకు చేతిపనులు నేర్పారు. నడవడి బాగున్న కుటుంబాన్ని కంచె బయట సొంత ఇల్లు వేసుకోనిచ్చేవాళ్లు. దాన్నే ఫ్రీ కాలనీ అన్నారు. పెద్దాయన చిరునామాలో 'ఫ్రీ' అనే మాట అక్కడినుంచి వచ్చిందే. ఇన్నేళ్లు ఆ బోర్డు కింద నుంచి పోతూ ఉన్నాం, ఆ మాట ఒక్కసారి కూడా మా చెవికెక్కలేదు. స్వేచ్ఛను కూడా ఎవరో మార్కులు వేసి ఇచ్చారన్నమాట, అదీ ఏ నేరమూ చెయ్యనివాళ్లకు.

మాకు అర్థమైనంతలో అసలు చిక్కు ఇక్కడుంది. జబ్బు నయమైందని ఎవరు చెప్పాలి? వైద్యం చేస్తున్నానని డబ్బు తీసుకునేవాడే చెప్పాలి. అతనికి లోపల మనుషులుంటేనే గ్రాంటు, మనుషులుంటేనే మిల్లుకు కూలీలు. అందరూ బాగుపడ్డారు, ఇక మూసేద్దాం అని ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఎందుకంటాడు? ఎంత మంచివాడైనా అనలేడు. బూత్ టక్కర్ చెడ్డవాడని మేము అనడం లేదు. వీడియోలో చూపించిన అమెరికా కంపెనీల సంగతీ ఇంతే. 1983లో టెనెసీలో మొదటి పెద్ద కంపెనీ పుట్టింది. ఖైదీ తలకు రోజుకింత అని ప్రభుత్వం కడుతుంది. ఇన్ని మంచాలు నిండి ఉంటాయని ప్రభుత్వమే హామీ ఇచ్చిన ఒప్పందాలు కూడా అక్కడ ఉన్నాయి. నేర్పే చదువు మంచిదే కావొచ్చు. కానీ చదువు పూర్తయిందని చెప్తే నష్టపోయేవాడి చేతిలో ఆ బడి పెట్టకూడదు. గ్రూపులో వీడియో పెట్టిన అన్నకు మేము చెప్పదలచుకున్నది ఇదే, కోపంతో కాదు.

1936లో నెల్లూరులో మాట్లాడుతూ నెహ్రూ ఈ చట్టాన్ని గట్టిగా తప్పుబట్టాడు. స్వాతంత్ర్యం వచ్చాక మన తిరుపతి వైపు మనిషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేశారు. మద్రాసు 1947లోనే రద్దు చేసుకుంది, బొంబాయి 1949లో చేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. ఆ రోజును వాళ్లు విముక్త దినం అని జరుపుకుంటారు. మన ఊళ్లో కూడా జరుపుతారు. మన సంఘానికి ఎప్పుడైనా పిలుపు వచ్చిందా అని పాత మినిట్స్ పుస్తకాలు తిరగేశాం. వాళ్లు పిలిచిందీ లేదు, మనం పోయిందీ లేదు.

చట్టం పోయింది గానీ ముద్ర పోలేదు. చట్టం స్థానంలో రాష్ట్రాల్లో పాత నేరస్థుల చట్టాలు వచ్చాయి. జైలు నిబంధనల పుస్తకాల్లో ఈ తెగల వాళ్లను అలవాటుపడ్డ నేరస్థులుగా లెక్కగట్టే వాక్యాలు మొన్నమొన్నటిదాకా ఉన్నాయి. సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన పిటిషన్ మీద 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. అంటే చట్టం రద్దయిన 72 ఏళ్లకు.

స్టువర్టుపురానికి కూడా సినిమాలు దొంగల పేరే మిగిల్చాయి. అక్కడ పనిచేసిన హేమలతా లవణం గారి పేరు ఎంతమందికి తెలుసు? ఆమె మహాకవి జాషువా కూతురు, గోరా గారి కోడలు. డెబ్బైల నుంచి ఆ ఊళ్లో 'సంస్కార్' సంస్థ ద్వారా పనిచేశారు. కంచె లేకుండా, హాజరు పట్టీ లేకుండా, ఇళ్లల్లోకి పోయి మాట్లాడి చేసిన పని అది.

ఇంకో సంగతి. మహారాష్ట్ర విముక్త జాతుల జాబితా తీసి చూడండి. వడార్లు ఉన్నారు. భామ్టా కింద గిర్ని వడ్డర్ అని ఉంది. కైకాడీ కింద కొరవ అని ఉంది. కైకాడీలు, కొరవలు, మన ఎరుకలవాళ్లు ఒకే చెట్టు కొమ్మలని ఆ విషయం చదివినవాళ్లు చెప్తారు. అదే ఎరుకలవాళ్లు ఆంధ్ర, తెలంగాణల్లో షెడ్యూల్డు తెగ. కైకాడీలు విదర్భలో షెడ్యూల్డు కులం, మన సోలాపూర్‌లో విముక్త జాతి. కాగితాలు మూడు రకాలు. వడార్ల ఇళ్లలో మాట తెలుగే. కాలేజీలో మేము లక్ష్మణ్ మానే 'ఉపరా', లక్ష్మణ్ గాయక్వాడ్ 'ఉచల్యా' మరాఠీలో చదివాం. రెండూ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన పుస్తకాలు. ఉపరా అంటే బయటివాడు. మన తాతలను 'తెలంగీ' అని దూరం పెట్టినప్పుడు మనకూ అదే మాట వర్తించింది. పరీక్షకు నోట్సు రాసుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ పుస్తకాల్లో మనుషులు మన ఊళ్లోనే ఉన్నారని తోచలేదు.

జూన్ మొదటి వారంలో ముగ్గురం కాలనీకి వెళ్లాం. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్దాయన గడపలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, "సీట్లు ఖాళీ అయినయా సారు?" అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. మాలో పెద్దవాడు అన్నీ చెప్పేశాడు, సీట్లు ఉన్నాయని, చిరునామా చూసి అబద్ధం చెప్పామని. ఆయన విని, "తెలుసు సారు. ఫారాల కట్ట బల్ల మీదనే ఉండె" అన్నాడు. తర్వాత చాయ్ తెప్పించాడు. క్షమించానని అనలేదు, మేము కూడా అడగలేదు.

చాయ్ తాగుతూ వాళ్ల అమ్మ గురించి చెప్పాడు. ఆమె కంచె లోపలే పుట్టిందట. మిల్లులో రీలింగ్ ఖాతాలో పనిచేసింది. కంచె తీసేసిన తర్వాత కూడా చాలా ఏళ్లు పొద్దుగూకేసరికి ఎక్కడున్నా ఇంటికొచ్చి వాకిట్లో నిలబడేదట. ఎందుకమ్మా అంటే హాజరు అనేది. హాజరు తీసుకునేవాడు లేడని చెప్తే, "తెల్వదు, వస్తడేమో" అనేదట. ఆయన ఇది చెప్పి నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

మనుమరాళ్లను తరగతికి పంపమని అడిగాం. కాసేపు ఆలోచించి, "మా పిల్లలు అక్కడికి రారు సారు. ఒకసారి వద్దన్న గడప. మీ పిల్లలు ఇక్కడికొస్తరా?" అన్నాడు.

దీనికి మా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. కార్యవర్గంలో పెడితే రెండు గంటలు గొడవైంది. పేర్లు వద్దు, అందరూ మనవాళ్లే. "మంచిదే గానీ మన ఆడపిల్లలను అక్కడికెట్లా పంపుతాం" అని ఒకరన్నారు. ఆ మాట అన్నవారిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. ఏప్రిల్‌లో అదే మాట నోటితో అనకుండా చేతితో చేశాం. చివరికి ఒప్పుకున్నారు. జులై నుంచి ఆదివారం పొద్దున తరగతి కాలనీ హాల్లో జరుగుతోంది. వేసవిలో వచ్చిన ఇరవై ముగ్గురు పిల్లల్లో తొమ్మిది మంది వస్తున్నారు. కాలనీ పిల్లలు పద్నాలుగు మంది. మిగతా తల్లిదండ్రుల్లో కొందరు ఫోన్ ఎత్తడం లేదు. ఒకరు సంఘానికి చందా ఆపేశారు. ఇవన్నీ దాచకుండా రాస్తున్నాం, అంతా బాగైపోయిందని ఎవరూ అనుకోవద్దని.

ఫారంలో చిరునామా గడి తీసేశాం. ఫోన్ నంబరు చాలు. ఇది చిన్న పనే. కానీ ఆ గడి మా చేతిలో ఏం పని చేసిందో మాకు తెలుసు.

రెండు విన్నపాలు. ఆగస్టు 31న కాలనీలో విముక్త దినం కార్యక్రమం ఉంది. ఈసారి మేమే అడిగి పిలుపు తెచ్చుకున్నాం. వీలున్నవాళ్లు రండి, వేదిక మీదికి కాదు, కింద కూర్చోవడానికి. రెండోది, ఆదివారం తరగతికి పెద్దబాలశిక్షలు ఆరు తక్కువ పడుతున్నాయి. ఇంట్లో అటక మీద పడి ఉన్నవి ఉంటే ఇవ్వండి, అట్టలు చిరిగినా ఫరవాలేదు. పెద్దాయన చిన్న మనుమరాలు పక్కపిల్ల పుస్తకంలో చూసుకుని గుణింతాలు రాస్తోంది. ఇప్పటికి 'ఖ' దాకా వచ్చింది.